తొమ్మిదేళ్ల తర్వాత వచ్చి చూడండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పరిశ్రమల శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



2024లో మీ రెండు ప్రభుత్వాలూ చిన్న పరిశ్రమల కోసం కొత్త విధానాలు ప్రకటించాయి. ఆంధ్రప్రదేశ్‌లో నియోజకవర్గానికొకటి చొప్పున 175 ఎంఎస్ఎంఈ పార్కులు పెడతామన్నారు. తెలంగాణలో ఔటర్ రింగ్ రోడ్డు దాటాక కొత్త పార్కులు వస్తాయంటున్నారు. స్థలం గురించీ, కరెంటు గురించీ, రాయితీల గురించీ మిమ్మల్ని అడిగేవాళ్లకు కొదవ లేదు. ఆ షెడ్లు లేచాక లోపల పని ఎలా నడుస్తుందని అడిగేవాళ్లే తక్కువ. చాలాకాలం షాప్ ఫ్లోర్ మీద బతికినవాణ్ని కనుక ఆ ప్రశ్న నేను అడుగుతున్నాను.

దీనికి ఢిల్లీ నుంచి వచ్చిన జవాబు లీన్ పథకం. పాత పథకాన్నే మార్చి, 2023 మార్చి 10న కేంద్రం మళ్లీ ప్రారంభించింది. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు. పై రెండు మెట్లలో కన్సల్టెంటు ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. ఇంతకుముందు 80 శాతం ఉండేది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు నడిపే యూనిట్లకు మరో 5 శాతం కలుస్తుంది. చిన్న యూనిట్ యజమాని సొంత డబ్బు పెట్టి కన్సల్టెంటును పిలిచే రోజు ఎలాగూ రాదు కాబట్టి ఈ సాయం సబబే. నా పేచీ లెక్కల దగ్గర వస్తోంది. సభల్లో వినిపించే అంకెలన్నీ పేరు నమోదు చేసుకున్నవాళ్లవి, ప్రతిజ్ఞ చేసినవాళ్లవి, సర్టిఫికెట్ అందుకున్నవాళ్లవి. కన్సల్టెంటు వెళ్లిపోయిన కొన్నేళ్లకు ఆ షెడ్డులో ఏం మిగిలిందన్న లెక్క మాత్రం వినబడదు. ఆ లెక్క తీయొచ్చని మన దేశంలోనే రుజువైంది. తీస్తే ఏం బయటపడుతుందో కూడా తెలిసింది.

ఆ సంగతికి వచ్చేముందు, లీన్ మాట కొత్తగా వింటున్న పాఠకులకు రెండు ముక్కలు. యుద్ధంలో చితికిపోయి డబ్బూ స్థలమూ కరువైన జపాన్‌లో టయోటా కంపెనీ, ముఖ్యంగా తైచీ ఓనో అనే ఇంజినీరు, అవసరమైనంత సరుకును అవసరమైన వేళకే తయారుచేసే పద్ధతిని ఏళ్ల తరబడి దిద్దుకుంటూ వచ్చారు. అవసరానికి మించి తయారుచేయడం, ఎదురుచూపులు, సరుకును అటూ ఇటూ మోయడం, అక్కర్లేని పని, పేరుకున్న నిల్వ, మనిషి ఊరికే తిరగడం, తప్పు ముక్కలు. ఈ ఏడూ ఓనో లెక్కలో దుబారా. 1988లో జాన్ క్రాఫ్‌సిక్ అనే అమెరికన్ పరిశోధకుడు దీనికి లీన్ అని పేరు పెట్టాడు. ఆ పేరు ప్రపంచమంతా తిరిగి హైదరాబాద్ బాలానగర్‌కూ విజయవాడ ఆటోనగర్‌కూ చేరింది. చేరేసరికి చాలాచోట్ల మిగిలినవి నేల మీద పసుపు గీతలు, గోడ మీద పనిచోటు సర్దుకోవడం నేర్పే 5ఎస్ పోస్టరు, పానాలు తగిలించడానికి వాటి ఆకారాలు గీసిన బోర్డు. ఆడిట్ రోజున పానాలన్నీ బోర్డు మీదే ఉంటాయి లెండి.

ఇక అసలు సంగతి. ముంబయికి ఉత్తరాన తారాపూర్, ఉంబర్‌గావ్ వైపు నేత మిల్లులున్నాయి. 2008లో నికొలస్ బ్లూమ్, అప్రజిత్ మహాజన్, డేవిడ్ మెకెంజీ తదితర ఆర్థికవేత్తలు అక్కడ 17 సంస్థలకు చెందిన 28 మిల్లులతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. కొత్త మందును పరీక్షించేటప్పుడు చేసినట్టే సంస్థలను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక అంతర్జాతీయ కన్సల్టింగ్ సంస్థ రెండు జట్లకూ నెల రోజులు లోపాలు వెతికిపెట్టింది. మొదటి జట్టుకు మాత్రం ఆ తర్వాత నాలుగు నెలలు పక్కనే ఉండి అమలు చేయించింది. మిల్లు యజమానులకు ఇదంతా ఉచితం. చేయించిన 38 పద్ధతుల్లో బ్రహ్మవిద్య ఏదీ లేదు. యంత్రం చెడేదాకా ఆగకుండా వేళకు మరమ్మతు చేయడం, మగ్గం ఎందుకు ఆగిందో రాసిపెట్టడం, బట్టలో వచ్చిన లోపాలను రకాలవారీగా లెక్కగట్టడం, నూలును రంగువారీగా సర్ది చీటీలు అంటించడం, ప్రతిరోజూ మేనేజర్లు కూర్చుని ఆ అంకెలు చూడటం. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. 2013లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అచ్చయిన ఈ ఫలితాన్ని లీన్ ప్రచారకులు ఇప్పటికీ ఉటంకిస్తుంటారు.

అదే పరిశోధనలో నన్ను నవ్వించిన విషయం ఇంకొకటుంది. ఒక సంస్థ ఎంత పెద్దదవుతుందో అంచనా కట్టడానికి వాళ్లకు దొరికిన బలమైన ఆధారాల్లో ఒకటి ఆ కుటుంబంలోని మగవాళ్ల సంఖ్య. అన్నదమ్ములు, కొడుకులు తీరిపోయాక సంస్థ ఎదుగుదల కూడా అక్కడే ఆగుతోంది, ఎందుకంటే బయటివాడి చేతికి తాళాలు ఇవ్వరు. రైసుమిల్లులు, నూనె మిల్లులు, జిన్నింగ్ మిల్లులు చూసిన మన జిల్లాల వాళ్లకు ఈ మాట అమెరికా ప్రొఫెసర్లు చెప్పాలా?

లీన్ ప్రచారకులు ఉటంకించనిది రెండో భాగం. తొమ్మిదేళ్ల తర్వాత ఆ పరిశోధకులు అవే మిల్లులకు తిరిగి వెళ్లి చూసి, 2020లో ఫలితాలు అచ్చువేశారు. ప్రయోగం జరిగిన మిల్లుల్లో అప్పట్లో అలవాటు చేసుకున్న పద్ధతుల్లో సుమారు సగం ఆగిపోయాయి. మిగిలిన సగం వల్లనే ఆ మిల్లులు రెండో జట్టు కంటే ఇంకా చెప్పుకోదగ్గంత ముందున్నాయి. ఒకే యజమానికి ఉన్న వేరే మిల్లుల్లోకి చాలా పద్ధతులు పాకాయి. పక్క యజమాని మిల్లులోకి మాత్రం దాదాపు ఏమీ పోలేదు. ఎందుకు ఆగిపోయాయని అడిగితే ఎక్కువగా వచ్చిన జవాబులు రెండు. అలవాటు చేసుకున్న మేనేజరు ఉద్యోగం మానేశాడు. యజమానికి పట్టించుకునే తీరిక లేదు.

ఇందులో మీ శాఖలకు పనికొచ్చే విషయం, నా దృష్టిలో, ఆ పక్క యజమాని సంగతే. మన పథకాలన్నీ క్లస్టర్ అనే నమ్మకం మీద నడుస్తున్నాయి. పదిమందిని ఒకచోట కూర్చోబెడితే ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటారని ఆ నమ్మకం. బాలానగర్‌లో రెండు షెడ్ల మధ్య ఒక్క గోడే అడ్డు. అయినా ఒకాయన సెటప్ టైము ఎలా తగ్గించాడో పక్కాయనకు చెప్పడు. ఇద్దరూ ఒకే కస్టమరు దగ్గర కొటేషన్ వేసేవాళ్లాయె! చెప్పకపోవడంలో దుర్మార్గం ఏమీ లేదు, వ్యాపారం అంతే. విద్య షెడ్డు దాటేది మనిషి కాళ్ల మీదే. నెలకు వెయ్యి, రెండు వేలు ఎక్కువ ఇస్తామంటే సూపర్‌వైజరు అటు వెళతాడు. వెళ్లిన చోటికి కొంత తీసుకెళతాడు. వచ్చిన చోట రిజెక్షన్ రిజిస్టరు ఆ నెలతో ఆగిపోతుంది.

అలాంటప్పుడు సర్టిఫికెట్ ఫ్యాక్టరీకి ఇవ్వడంలో ఏమి న్యాయం? గోడ ఎక్కడికీ పోదు, పోయేది సూపర్‌వైజరే. ఐటీఐ చదివి, లేత్ మీద పదేళ్లు పనిచేసి, ఇప్పుడు పదిహేను మందిని నడిపిస్తున్న చార్జ్‌హ్యాండ్‌కు ఆ సర్టిఫికెట్ ఇవ్వండి. ఎక్కడికి వెళ్లినా అతని వెంట వెళుతుంది. యజమానికి కూడా అతణ్ని నిలబెట్టుకోవాలన్న ఆలోచన వస్తుంది. మన పాలిటెక్నిక్‌లూ ఐటీఐలూ సాయంత్రం వేళ ఖాళీగానే ఉంటాయి. ఈ పనికి కొత్త భవనం కట్టనక్కర్లేదు.

సూపర్‌వైజరు కింద మెషిన్ మీద నిలబడే మనిషి ఇంకొకడున్నాడు. అతని గురించి పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో ఒక ప్రయోగం జరిగింది. ఆ ఊరు ఫుట్‌బాళ్ల తయారీకి పేరు. బంతికి కావలసిన ముక్కలను రెక్సిన్ షీటు మీద డైతో కోస్తారు. డేవిడ్ అట్కిన్, అజామ్ చౌధ్రీ, అమిత్ ఖండేల్వాల్, ఎరిక్ వర్హూగెన్ తదితరులు అదే షీటులో ఎక్కువ ముక్కలు వచ్చేలా కొత్త డై తయారుచేసి కొన్ని ఫ్యాక్టరీలకు ఊరికే ఇచ్చారు. షీటు దుబారా తగ్గుతుంది కాబట్టి ఏ లీన్ పుస్తకం చూసినా దీన్ని మెచ్చుకుంటుంది. ఏడాది దాటినా వాడినవాళ్లు చాలా తక్కువ. కారణం ఏమిటంటే కోతపనివాళ్లకు ముక్కకింత అని కూలి. కొత్త డైతో మొదట్లో చెయ్యి నిదానిస్తుంది, ఆ మేరకు కూలి తగ్గుతుంది. షీటులో మిగిలేది యజమానికి, పోయేది పనివాడికి. అందుకని వాళ్లు ఈ డై పనికిరాదని యజమానులకు నచ్చచెప్పారు. అప్పుడు పరిశోధకులు కొన్ని ఫ్యాక్టరీల్లో, కొత్త డై బాగా పనిచేస్తుందని యజమాని ఎదుట చూపించిన పనివాడికి ఒక్కసారి మాత్రం దాదాపు నెల కూలి ఇస్తామన్నారు. ఆ ఫ్యాక్టరీల్లో వాడకం పెరిగింది. 2017లో వచ్చిన ఈ వ్యాసం చదివాక, మన దగ్గర పనివాళ్లు మార్పు ఒప్పుకోరని విసుక్కునే యజమానులను నేను ఒకటే అడుగుతున్నాను: మిగిలిన డబ్బులో వాళ్లకెంత ఇచ్చారు? జవాబుగా ఎక్కువసార్లు టీ వస్తోంది.

పనివాళ్ల మాట వచ్చింది కాబట్టి, లీన్ అంటే మనిషిని పిండడమే అనే వాదన కూడా చూడాలి. గ్రెగ్ డిస్టల్‌హోర్స్ట్, జెన్స్ హైన్‌ముల్లర్, రిచర్డ్ లాక్ అనే ముగ్గురు 11 దేశాల్లో నైకీ కంపెనీకి దుస్తులు కుట్టే ఫ్యాక్టరీలను పరిశీలించారు. లీన్ పద్ధతికి మారిన చోట కార్మిక ప్రమాణాల ఉల్లంఘనలు, ముఖ్యంగా జీతాలూ పనిగంటల విషయంలో, 15 పర్సంటేజీ పాయింట్లు తగ్గాయి. నాణ్యత కావాలంటే అనుభవం ఉన్న మనిషి నిలబడాలి, నిలబడాలంటే సరిగ్గా చూసుకోవాలి. కాబట్టి ఆ వాదన పూర్తిగా నిజం కాదు. కానీ ఆ పరిశోధనలోనే ఆరోగ్యం, భద్రత విషయంలో అలాంటి మెరుగుదల కనబడలేదు. మీరిద్దరూ ఆగి చదవాల్సిన వాక్యం ఇదేనని నా మనవి.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా యూనిట్‌లో 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ చోట్ల ఏం తప్పు జరిగిందో చెప్పాల్సింది విచారణలు. నేను అనేది వేరే. లీన్ ఆడిట్‌లో మంచి మార్కులు రావడానికీ ఆ ఫ్యాక్టరీ సురక్షితంగా ఉండటానికీ సంబంధం ఉంటుందని ఏ అధికారీ అనుకోకూడదు. టయోటా పద్ధతికి రెండు కాళ్లు. ఒకటి వేళకు సరుకు. రెండోది, తేడా వస్తే ఆగడం. సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన మరమగ్గం దారం తెగితే తనంతట తానే ఆగేది. ఆ ఆలోచనే తర్వాత కార్ల ఫ్యాక్టరీలో తాడు అయింది. లైన్ మీద ఎవరికి తేడా కనబడినా ఆ తాడు లాగొచ్చు, లాగితే తిట్టేవాళ్లుండరు. మనం మొదటి కాలు దిగుమతి చేసుకున్నాం. రెండోది రేవులోనే ఉండిపోయింది. రియాక్టర్ దగ్గర వాసన తేడాగా ఉందని అనిపించినప్పుడు, ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు బ్యాచ్ ఆపేయగలడా? ఆపితే మర్నాడు గేటు లోపలికి రానిస్తారా? ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు ముందు అడగాల్సింది ఈ ప్రశ్న. కిందటి ఏడాది పని ఆపమని కార్మికులు ఎన్నిసార్లు అడిగారో రిజిస్టరు చూపించమనండి. ఒక్కసారి కూడా లేదని చూపిస్తే, అక్కడే ఇంకో గంట ఉండమనండి.

మొదటి కాలు మాత్రం సరిగ్గా దిగుమతి అయిందా అంటే అదీ లేదు. జస్ట్ ఇన్ టైమ్ పేరుతో పెద్ద కంపెనీ స్టోర్సులో స్టాకు తగ్గితే ఆ స్టాకు గాలిలో కలిసిపోలేదు. సప్లయరు షెడ్డులోకో, కంపెనీ గేటు పక్కన అతను అద్దెకు తీసుకున్న గోడౌన్‌లోకో మారింది, అతను బ్యాంకులో తెచ్చిన వడ్డీ డబ్బు మీద కూర్చుంది. సరుకు గంటలెక్కన అడుగుతారు. డబ్బు నెలలెక్కన ఇస్తారు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సప్లయరుకు 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపన్ను చట్టం కూడా ఒక ముడి వేసింది: గడువు దాటిన బకాయిని చెల్లించేదాకా కొనుగోలుదారు ఖర్చు కింద చూపించుకోలేడు. చట్టాలు బాగానే ఉన్నాయి. కానీ మీ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాసే సప్లయరు ఆ కస్టమరును వదులుకోవడానికి సిద్ధపడి రాయాలి. ఎంతమంది సిద్ధపడతారు? మీరు పెద్ద కంపెనీలకు భూమి ఇస్తున్నారు, పన్ను రాయితీలు ఇస్తున్నారు. ఏటా ఆ రాయితీ విడుదల చేసేముందు, చిన్న సప్లయర్లకు ఎన్ని రోజుల్లో చెల్లించారో ఆడిటర్ సంతకంతో ఒక కాగితం అడగండి. ఫిర్యాదు చేయాల్సిన భారం సప్లయరు నెత్తి మీద నుంచి దిగుతుంది.

నిజానికి టయోటాయే తన పాఠాన్ని సవరించుకుంది. 1997 ఫిబ్రవరి 1న బ్రేకుల్లో వాడే చిన్న వాల్వును దాదాపు ఒక్కటే తయారుచేస్తున్న ఐసిన్ ఫ్యాక్టరీ కాలిపోయింది. టయోటా లైన్లు ఆగాయి. ఆర్డరు కాగితం కోసం, ధర కోసం చూడకుండా పదుల కొద్దీ సప్లయర్లు తమ మెషిన్ల మీద ఆ వాల్వు తయారుచేయబట్టి కొద్ది రోజుల్లోనే ఉత్పత్తి మళ్లీ మొదలైంది. ఏళ్ల తరబడి వాళ్లను సరిగ్గా చూసుకున్నందుకు అందిన ఫలం అది. 2011 భూకంపం తర్వాత కంపెనీ తన సప్లయర్ల సప్లయర్లెవరో కూడా జాబితా రాయించింది, చిప్‌లను నెలలకు సరిపడా నిల్వ పెట్టమంది. 2021లో ప్రపంచమంతా చిప్‌ల కరువు వచ్చినప్పుడు తొలి నెలల్లో మిగతా కంపెనీల కంటే నిలదొక్కుకుంది. 2023 ఆగస్టులో జపాన్‌లోని 14 ఫ్యాక్టరీలూ మరోసారి ఆగాయి. ఈసారి కారణం సర్వర్లలో డిస్క్ ఖాళీ చాలకపోవడం! వస్తువుల నిల్వ గురించి అంతగా ఆలోచించిన కంపెనీకి ఈ నిల్వ తట్టలేదు. కోవిడ్ తర్వాత ఈ రంగంలో వస్తున్న పరిశోధన చాలావరకు ఎంత తక్కువ ఉంచాలన్న దాని నుంచి ఏది ఎంత ఉంచాలన్న దానికి మళ్లింది. మన శిక్షణ తరగతుల్లో మాత్రం స్టాకు ఇంకా పాపంగానే ఉంది.

సెన్సార్లు, డాష్‌బోర్డులు, కృత్రిమ మేధ గురించి ఎక్కువ రాయను, వాటి గురించి చెప్పేవాళ్లు మీ దగ్గరకు రోజూ వస్తుంటారు. బ్రెజిల్‌లో గిల్హెర్మె టొర్టొరెల్లా తదితరులు చేసిన పరిశోధన చెప్పేది ఒక్కటే: పని తీరు దిద్దుకోకుండా టెక్నాలజీ మాత్రం పెడితే ఆశించిన ఫలితం రాదు. ఎందుకు ఆగిందో రాసే అలవాటు లేని షెడ్డులో సెన్సారు పెడితే, ఆగిందన్న సంగతి ఇంకొంచెం వేగంగా తెలుస్తుంది.

దానికంటే చౌకైన విషయం ఒకటి ఎవరూ పట్టించుకోవడం లేదు. ఎండ. ఓనో ఏడు దుబారాల జాబితాలో వేడి లేదు, ఆయన రామగుండంలో పనిచేయలేదు. ఈ. సోమనాథన్, అనంత్ సుదర్శన్ తదితరులు 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మన దేశంలోని ఫ్యాక్టరీల్లో ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఏడాది ఉత్పత్తి సుమారు 2 శాతం తగ్గుతుంది. బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో అచ్యుత అధ్వర్యు, నమ్రత కలా, అనంత్ నిశాధమ్ మరో సంగతి చూశారు. కరెంటు ఆదా కోసం పాత ట్యూబులైట్లు తీసి ఎల్ఈడీలు పెడితే కుట్టు మిషన్ల దగ్గర వేడి తగ్గింది, ఎండ ముదిరిన రోజుల్లో పని పెరిగింది. మన పార్కుల్లో లేపబోయే షెడ్లన్నీ రేకులవే. మే నెల మధ్యాహ్నం ఆ రేకుల కింద మైక్రాన్ లెక్కన కొలతలు తీయాల్సిన మనిషిని ఊహించుకోండి. కప్పు ఎత్తు, గాలి పోయే దారి, రేకు కింద ఇన్సులేషన్, ఇవన్నీ షెడ్డు డిజైన్ దశలోనే రాసేస్తే తక్కువలో పోతాయి. తర్వాత ఏ కన్సల్టెంటూ వాటిని మార్చలేడు.

పార్కులకు పిలవబోయే టెండర్లలో ఈ షెడ్డు డిజైన్ చేర్చడం మీ చేతిలో పని. చార్జ్‌హ్యాండ్‌కు సర్టిఫికెట్, రాయితీకి ముందు చెల్లింపుల కాగితం, ఫ్యాక్టరీ తనిఖీలో పని ఆపిన రిజిస్టరు కూడా మీ చేతిలోవే. ఢిల్లీని అడగాల్సింది ఏదీ లేదు. పరిశోధన గురించి మాత్రం ఒక అభ్యర్థన. మీ అధికారులు ప్రయోగాలు చేసేంత తీరిక మనకెక్కడిదంటారు. పార్కులు ఎలాగూ విడతలవారీగానే వస్తాయి. లీన్ సాయం కూడా అన్ని యూనిట్లకూ ఒకేసారి అందదు. ముందు ఎవరికి, తర్వాత ఎవరికి అన్నది సిఫారసు ఉత్తరాలతో తేల్చకుండా లాటరీ తీయండి. రూపాయి అదనపు ఖర్చు లేకుండా పోల్చి చూడటానికి రెండు జట్లు వస్తాయి. లెక్కలు రాసే పని జేఎన్‌టీయూలకో, ఐఐటీ హైదరాబాద్, తిరుపతిలకో అప్పగించండి. ఫలితం బాగున్నా బాగోలేకపోయినా బయటపెట్టాలని ఇప్పుడే జీవోలో రాయించండి. అప్పటికి మంత్రిగా ఎవరుంటారో ఎవరికీ తెలియదు కాబట్టి, రాయడానికి మీ ఇద్దరికీ పెద్దగా అభ్యంతరం ఉండదనుకుంటాను.

భవదీయుడు,
ఒక పాత ప్రొడక్షన్ ఇంజినీరు